ఏడు సున్నాలు

పదివేల అడుగుల ఎత్తున గాలి పలచన.
డెన్వర్ నుంచొచ్చిన బీమా కుర్రాడు
నిచ్చెన సగంలో ఆగి
రొప్పాడు.

జూలై వడగళ్లు, నిమ్మకాయంతవి.
తారు పెంకు మీద బొటనవేలు నొక్కి చూస్తాడు.
మగ్గిన పండులా మెత్తగా లోపలికి పోతే
చాక్‌పీసుతో ఒక సున్నా.

చదరానికి ఎనిమిది ఉండాలట.
ఏడు దొరికాయి.

హిలారియో, నేనూ మోకాళ్ల మీద పాకుతూ
ఇంకోటి వెతికాం.
కింద వెర్లా తోమ్సిచ్
రుబార్బ్ ఆకుల్లో చిల్లులు లెక్కపెడుతోంది,
అవీ రాసుకోమంటూ.

కొత్త కప్పుకి డబ్బు రాదు.
సంతకం గీకి దిగిపోయాడు.
ముందు ఒకటి లేని సున్నాలు.

సాయంత్రం మళ్లీ వాన.
సుద్దంతా కరిగి తూములో పాలలా పోయింది.
లోపల, వంటగదిలో,
ఎనిమిదోది
గిన్నెలో టప్‌మంటోంది.