అడ్డగాలి

కత్తిరి ఎండల్లో, మధ్యాహ్నం మూడింటికి
సముద్రం ఒక్కసారి ఊపిరి వదులుతుంది మద్రాసు మీదికి.
మెరీనాలో దాన్ని చల్లగాలి అంటారు.
మీనంబాక్కంలో దిగేవాళ్ళకి అడ్డగాలి.

"నూట ముప్పై నుంచి పద్దెనిమిది నాట్లు, ఉండుండి ఇరవయ్యారు."
టవర్లో అమ్మాయి వంకాయల ధర చెప్పినట్టు చెప్పింది.
కెప్టెన్ అరుళ్‌దాస్ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.
ఇవాళ దించేది నేను.

కొళప్పాక్కం మిద్దెల మీదుగా
పీతలా పక్కవాటుగా వస్తున్నాం,
చూపు ఒకవైపు, పోక ఒకవైపు.
రన్‌వే నా ఎదుట లేదు,
ఎడమకి జరిగి ఆయన అద్దంలో ఉంది.
వెనక, రాజమండ్రిలో ఎక్కిన అరవై ఎనిమిది మంది
ఊగే రెక్కని చూసి ఎవరి దేవుణ్ణి వాళ్ళు పిలుచుకుంటూ ఉంటారు.

ఇప్పుడు గుర్తు రాకూడదు, అయినా వచ్చింది
చూళైలో మా అమ్మ కుట్టుమిషను.
ఐమూలగా కత్తిరించిన గుడ్డ
సుద్దగీత వదిలి పక్కకే పోయేది.
"సూది వంక చూడకే.
గీత ఎక్కడికి పోతోందో అక్కడ చూడు.
కాలు ఆపకు."

దూరంగా పరంగిమలై. అక్కడ చూశాను.
ముప్పై అడుగులు.
ఎడమకాలు నొక్కాను, కుడి రెక్క గాలిలోకి వాల్చాను.
ముక్కు తిరిగొచ్చి గీతని కలిసింది.
కుడి చక్రం.
ఆగి, ఎడమది.
ఆ తర్వాతే ముందుది.

తలుపవతల ఎవరో చప్పట్లు కొట్టారు.
అసలు పని అప్పుడే మొదలైందని వాళ్ళకి తెలీదు.
నిలువునా తెరచాపలాంటి తోకని గాలి తోస్తుంటే
ముక్కు వచ్చిన గాలి వైపే తిరుగుతానంటుంది.
వేగం తగ్గేకొద్దీ పెడల్లో పస తగ్గుతుంది,
ఇంకా నొక్కాలి, ఇంకా.
నూరు. తొంభై.
నడిగీత దీపాలు చక్రం కింద
టక్, టక్, టక్
కుట్టు పడుతున్న చప్పుడు.

డెబ్బై దగ్గర ఆయన అందుకున్నాడు.
నడక ఆయనది, రెక్కలు ఇంకా నావే,
గాలి వైపు తిప్పి పట్టుకునే ఉన్నాను
రన్‌వే దాటి మలుపు తిరిగేదాకా.

ఇంజన్లు ఆగాయి.
ఎడమ పిక్క మాత్రం వణుకుతూనే ఉంది,
అమ్మ దారం తెంచాక కూడా
మిషను పెడల్ కాసేపు ఊగినట్టు.

"బాగుంది" అన్నాడు అరుళ్‌దాస్, కాగితాలు సర్దుకుంటూ.
"తాకినప్పుడు మాత్రం గీతకి నాలుగడుగులు ఎడమ."

అమ్మయితే
విప్పి మళ్ళీ కుట్టమనేది.