ఏడో ప్రశ్న

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి
ప్రశ్నావళి నింపించడం ఎట్లాగో
రీసెర్చ్ మెథడాలజీ పేపర్లో లేదు.
స్వర్ణాల చెరువు మీద మొహర్రం నాటి ఎండ,
ప్లాస్టిక్ కవర్లో నలభై రెండు కాగితాలు,
చెవి మీద దోపిన పెన్ను.
"జనం దొరికే చోటికి పోమ్మా" అన్నారు
దశరథరామిరెడ్డి సారు.
జనం దొరికారు.
ఎవరి చేతులూ ఖాళీగా లేవు.

నా అంశం: పరోక్ష పన్నులు, ప్రజల విశ్వాసం.
ఏడో ప్రశ్న:
మీరు కట్టిన పన్ను ఏదో ఒక రూపంలో
మీకు తిరిగి చేరుతుందని నమ్ముతారా?
కింద ఐదు గడులు,
పూర్తిగా నమ్ముతాను నుంచి
అసలు నమ్మను దాకా.
నమ్మకానికి ఐదే మెట్లని
ఏ మేస్త్రీ తేల్చాడో.

బుచ్చిరెడ్డిపాలెంలో మా నాన్నది టీకొట్టు.
మొదట ఆయన్నే అడిగా.
"అగ్గిపెట్టె కొంటే అందులో కొన్ని పుల్లలు వాళ్ళయ్యే,
గీసేది మాత్రం మనం" అన్నాడు
పొంగే పాల కింద మంట తగ్గిస్తూ.
ఏ గడిలో వేయాలో తెలీక
ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నా.
ఇంకా అక్కడే ఉంది.

ఇక్కడ రొట్టెలకు బోర్డులున్నాయి.
చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె,
పెళ్ళి రొట్టె, ఆరోగ్యం రొట్టె.
కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు,
తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికిస్తారు.
పైన డ్రోను తలలు లెక్కపెడుతోంది,
తలల్లో ఏముందో దానికి పని లేదు.
మైకులో తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు.
రొట్టెలమ్మే అతని డబ్బా
"ఇరవై రూపాయలు అందాయి" అని అరిచింది.
నమ్మకానికి కూడా రసీదొస్తోంది.

నీళ్ళలో నిలబడే ఫోన్లో యంత్రాన్నడిగా:
రొట్టె మార్చుకుంటే కోరిక తీరుతుందా?
అది కొందరి విశ్వాసమనీ,
రుజువులు లేవనీ, అయినా విలువైనదనీ
రెండువైపులా సమానంగా కాల్చి ఇచ్చింది.
దాని మీద నాకేం కోపం లేదు,
సెమినార్లో నేనూ అట్టాగే మాట్లాడతా.

మరి నా సొంత బుర్ర?
అది ఇట్టా అంది:
తీరినవాళ్ళే కదా తిరిగొచ్చేది.
తీరనివాళ్ళు ఇంటిదగ్గర గిన్నెలు తోముకుంటుంటారు.
చెరువులో నిలబడి లెక్కేస్తే
లోకంలో ప్రతి కోరికా తీరినట్టే ఉంటుంది.
ఎంత బాగుందో!
అద్దంలా తుడిచి
అందులో నన్ను నేను చూసుకున్నా.

అప్పుడొచ్చింది చేజర్ల పెంచలమ్మ.
తలమీద తడి కొంగు, చేతిలో నాలుగు రొట్టెలు,
ఆరోగ్యం బోర్డు కింద ఆగింది.
"పోయినేడు తీసుకున్నావా? నయమైందా?"
"యాడ నయం. కార్తీకంలోనే పోయినాడు మా తమ్ముడు."
"మరి ఎందుకొచ్చావు?"
ఈ పిల్లకి చదువెవరు చెప్పారా అన్నట్టు చూసి
"తీసుకున్నా గదమ్మే.
తినేశాం గూడా" అంది.

అద్దం చెరువులో పడింది.

పన్ను సంగతి అడిగితే నవ్వింది.
"కూలిదాన్ని, నాకేం పన్ను?"
సబ్బులో ఉందని చెప్పా, నూనెలో, చెప్పుల్లో,
ఫోన్లో వేయించుకునే రీచార్జిలో.
"అయితే నేనూ పెడతా ఉండానా!"
కాసేపు గర్వంగా నిలబడి,
తర్వాత నెమ్మదిగా,
"మరి తీసుకున్నోళ్ళేరి?
వాళ్ళెప్పుడొస్తారు తిరిగియ్యడానికి?"

ఈ ప్రశ్న నా నలభై రెండు కాగితాల్లో లేదు.
ఆలస్యంగానైనా నా ఖాతాలో పడే ఫెలోషిప్పు గుర్తొచ్చి
పెన్నుకి మూత పెట్టా.
తీసుకున్నదాన్ని నేనేనని
ఆమెకి చెప్పలేదు.

కవర్లోకి నీళ్ళు దిగి
ఐదు గడులూ కలిసిపోయాయి.
ఇందులో పెద్ద నీతి ఉందని రాయబోయి ఆగాను.
శాంపిల్ సైజు: ఒకటి.
సారు ఎర్ర సిరాతో కొట్టేస్తారు,
కొట్టేయాలి కూడా.

ఆమె చేతిలో పెట్టిన రొట్టె
గట్టుమీద కూర్చుని తిన్నా.
ఆరోగ్యం రొట్టె. నాకే రోగమూ లేదు.
ఉప్పు తక్కువైంది.