గని దిబ్బ

బేరింగెన్ ఊరి వెనక ఇంకా తెల్లారలేదు.
బురదలో చక్రం మొరాయించింది.
ఒర్నెల్లా సైకిల్ని భుజానికెత్తుకుంది
ఏడోసారి.

నిజానికి ఇది కొండ కాదు.
వాళ్ళ తాతా, ఆయన జతగాళ్ళూ
బొగ్గు ఏరుకుని, పనికిరాదని
గనిలోంచి పైకి తోలేసిన రాయి.
ఇప్పుడు దాని మీద బర్చ్ చెట్లు,
కుందేళ్ళు, మేము.

కింద స్టాప్‌వాచీతో నేను.
"నాలుగు సెకన్లు ఎక్కువ!"
పైనుంచి ఇటాలియన్‌లో ఓ తిట్టు.
అంటే ఊపిరి మిగిలే ఉంది.

ఆదివారం సైక్లోక్రాస్.
ఇసుక, మెట్లు, అడ్డపలకలు,
ఆమెకన్నా ఇరవయ్యేళ్ళు చిన్న కాళ్ళు.

దిగొచ్చి బూటు విప్పి దులిపింది.
నల్లటి రాతిముక్క రాలింది.
జేబులో వేసుకుంటుందేమో అనుకున్నా.
తిరిగి దిబ్బ మీదికే విసిరింది.

ఎత్తు తగ్గకూడదట.