విన్నందుకు

ఆటోనగర్ మూడో క్రాస్‌లో
మా షెడ్డు బిల్లు పుస్తకానికి నాలుగు గళ్లు:
వస్తువు, లెక్క, రేటు, మొత్తం.
పదకొండేళ్లుగా వాటిని నింపుతున్నాను.
బేరింగులు రెండు, గ్రీజు అరకిలో,
కమాను పట్టీ ఒకటి, కూలి.
ఏ గడీ నన్ను ఎప్పుడూ ఆలోచించమనలేదు.

మొన్న రోహిణీ కార్తె మధ్యాహ్నం
నూజివీడు రసాల లోడుతో
పోలినాయుడి లారీ ఈడ్చుకుంటూ వచ్చింది.
డాష్‌బోర్డు మీద పసుపు దీపం.
ఎంత తొక్కినా ఇరవై దాటదు.
పన్నెండు టన్నుల కాయ
టార్పాలిన్ కింద ముగ్గిపోతూ,
షెడ్డంతా తీపి వాసన, ఈగలు.

బుడే సాహెబ్ బీడీ ఆర్పి ఒక చెవి వెనక దోపుకుని
పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడి రెండో చెవికి ఆనించి
దాని మొనతో ఇంజనుని అక్కడా ఇక్కడా తాకాడు,
పక్కింటి గొడవ గోడలోంచి వినే మనిషిలా
కళ్లు మూసుకుని.
"గుండె బానే ఉంది.
పొగగొట్టంలో ముక్కు చచ్చిపోయింది" అన్నాడు.

సెన్సారు విప్పి కొత్తది బిగించాడు యేసోబు.
దీపం ఆరలేదు.
బాగైందని బండికి తెలియాలంటే
ల్యాప్‌టాప్ చెప్పాలి.
ల్యాప్‌టాప్ నోరు విప్పాలంటే
దానికి గడువుండాలి.
గడువు రాత్రి పన్నెండింటికి తీరిపోయింది.

ముప్పై ఎనిమిది వేల నాలుగొందలు.
ఏడాదికి.
మా ఓనరు వీరాస్వామి గారు కార్డు నంబరు కొడుతుంటే
చెమట చుక్క మీటల మీద పడింది.
తెర మీద చిన్న చక్రం తిరిగింది, తిరిగింది,
దీపం ఆరింది.
అంతే.
పార్సెల్ రాలేదు, ట్రాలీ దిగలేదు,
ఒక్క చీల కూడా చేయి మారలేదు.

ఖర్చు రాయబోతే
వస్తువు గడి దగ్గర పెన్ను ఆగింది.
ఏం కొన్నాం?
మా చేతుల మీదుగా బాగైన బండిని
బాగైందని ఒప్పుకోవడం కొన్నాం.

వాళ్ల ఊళ్లో అప్పుడు ఏ వేళో.
డబ్బు చేరేటప్పటికి
అక్కడెవరూ మేలుకొని ఉండక్కర్లేదు.
ఒకప్పుడు వాళ్లూ ఇనుము కరిగించారట,
పొగ మింగారట, వేళ్లు పోగొట్టుకున్నారట.
ఇప్పుడా కొలిమి ఇంకెవరి పెరట్లోనో మండుతోంది,
తాళంచెవి మాత్రం వాళ్ల మొలలోనే ఉంది.
తాళం అమ్మితే డబ్బు ఒక్కసారే.
తెరవడం అమ్మితే ఏటేటా.

నాకు కోపం రాలేదు, నిజం చెప్పాలంటే.
ఎవడో ఎన్నో రాత్రులు కూర్చుని బుర్ర పెట్టే ఉంటాడు,
దానికి వెల కట్టుకోవడం తప్పని ఎలా అంటాను?
నాకు కొరుకుడుపడనిది ఒక్కటే:
ముప్పై ఎనిమిది వేలకి బేరం లేదు.
బుడే సాహెబ్ ఆరొందల కూలికి ఉంది.

"అయిదొందలు చేయండమ్మా,
కాయ పాడైపోతంది" అంటున్నాడు పోలినాయుడు.
చేశాను.

చేశాక ఎందుకో
కూలి కింద ఇంకో వరస గీశాను.
విన్నందుకు: నూట యాభై.

పోలినాయుడు రెండుసార్లు చదివాడు.
"వింటే కూడా డబ్బులేటమ్మా?"
నేనేం మాట్లాడలేదు.
ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పాను.
వీరాస్వామి గారి రసీదు ఇంకా దాని మీదే ఉంది.
అంకెలు వేలితో లెక్కపెట్టాడు,
తల గోక్కున్నాడు,
యాభై ఇచ్చి, బల్ల మీద
మెత్తబడ్డ రసాలు నాలుగు పెట్టి వెళ్లాడు.

నోటు ఎందుకో బుడే సాహెబ్‌కి అర్థం కాలేదు.
చెప్పాక అటూ ఇటూ తిప్పి చూశాడు.
నలభై ఏళ్లుగా పనిచేస్తున్న చెవికి
మొదటి అద్దె.
దాంతో అందరికీ టీ చెప్పాడు,
మిగిలిన రెండు రూపాయలు యేసోబుకిచ్చాడు.

ఆ వరస కొట్టేయలేదు నేను.
ఈ పూట ఇంకో బిల్లులోనూ రాశాను.
వీరాస్వామి గారు ఇంకా చూడలేదు.