గీత మీద బొటనవేలు

యశోదక్క కోసం
మగ్గం గుంట మళ్లా తవ్వినం.
పుట్టపాకల ఆ ఇంట్ల ఎవ్వరి కాళ్లకైనా
రెండు మూరల లోతు చాలింది ఇన్నేండ్లు.
ఆమె కూర్చుంటే మోకాళ్లు
మిడత కాళ్లలెక్క పైకొచ్చినయ్.
జానెడు తవ్వంగనే రాయి తగిలింది.
గడ్డపార తెచ్చింది నేనే.

నేను ఎప్పటికీ తెచ్చేటోణ్ణే.
నల్లగొండ కాలేజీ గ్రౌండుల
తుమ్మకంపల పడ్డ బంతి తెచ్చిచ్చిన,
పొద్దుగాల అయిదింటి నుంచి,
రోజుకు అయిదు వందల షాట్లు.
పడ్డయి ఆమె లెక్కపెట్టేది,
పడనియి నా కాళ్లు లెక్కపెట్టేవి.

తర్వాత రైల్వే జట్టు, పదకొండో నంబరు.
తర్వాత దేశం. పేపర్ల వచ్చిన ఫోటో
మా సైకిల్ షాపు గోడకు మైదాపిండితోటి అంటించిన.
తర్వాత నాగపూర్ ఫైనలు:
మూడు పాయింట్లు వెనుక, రెండు సెకండ్లు,
బంతి సప్పుడు లేకుంట వలలకెళ్లి జారింది.
రెఫరీ రెండు వేళ్లే చూపిండు.
బొటనవేలు గీత మీదున్నదట.
ఒక్క పాయింటు.

తర్వాత మోకాలు.
సికింద్రాబాద్ పార్సిలాఫీసుల
పంతొమ్మిదేండ్లు రశీదులు రాసింది.
ఆ కుర్చీ కూడ పొట్టిదే.
మొన్న క్రీడాదినానికి పిలిచి శాలువ కప్పిన్రు.
ఇంటికొచ్చి పోగు గుంజి చూసి
"మర మగ్గం" అని
మసిగుడ్డలల్ల పడేసింది.

ఇప్పుడు ఆసు ముందు కూర్చుంటది.
నడిమి మేకు నుంచి
వంపుల దిగ్గొట్టిన ఒక్కో మేకుకు దారం.
పోవాలె, రావాలె, వేల సార్లు.
వాళ్లమ్మ భుజం అరిగింది ఈ పని మీదనే.
అక్క చెయ్యి పొడుగు,
ఒంగకుంటనే కడపటి మేకు అందుతది.
"నా ఎత్తు చూసి ఊరంత నవ్వె గదరా,
ఇగో, ఇందుకు" అంటది.

చిటికి కట్టనీకె
అందరు సైకిల్ ట్యూబు కోస్తరు.
ఆమె పాత బంతి పొట్ట చీరి
బ్లాడరును పట్టీలు పట్టీలుగ కోసింది.
కోసేటప్పుడు నా దిక్కు చూడలె.

చీర దిగింది.
ఎర్రటి నేల మీద తెల్లటి పెద్ద వంపు,
వంపు లోపట ఒక పెట్టె.
కోఠి నుంచి వచ్చిన సేటు
"గోపురమా అమ్మా, గుమ్మటమా?" అన్నడు.
ఆమె చెప్పలె. నేను గుర్తుపట్టిన.
ఆ వంపు అవతల ఎన్ని పొద్దులు నిలబడలె!

ఆడ గీతంటె గీతే,
వెంట్రుకవాసి తాకినా లెక్క తగ్గుతది.
ఈడ రంగు ముడి కిందికి ఇంకుతది,
ఏ గీతా తన జాగల ఉండదు,
నీళ్లల్ల నీడ లెక్క అంచున వణుకుతది.
వణకకపోతె అచ్చు బట్టని తిప్పి పంపుతరు.

ఆ సంగతి సేటుకు ఎరుకే.
అయినా వంపు మీద వేలు పెట్టి
"గీత కుదరలె, రెండు వందలు తగ్గియ్" అన్నడు.
అక్క గుంటల నుంచి లేచింది.
లేస్తనే ఉన్నది, దూలం దాక.
"ఒక్క రూపాయి తగ్గదు."

సేటు పైసలు లెక్కపెట్టి పోయినంక
ఖాళీ కండె తీసి
మూలకున్న డబ్బా దిక్కు విసిరింది.
అంచుకు తగిలి ఎగిరి
ఎటో మగ్గం కిందికి దొర్లింది.
ఇద్దరం జరసేపు అటే చూసినం.

"ఏందిరా, తీస్కరాపో."