పలకని మెట్టు

శనివారం రాత్రి మా ఇంట్లో కూడిక.
అల్లి ముగించని గంపలు రెండు పక్కకి జరిపి
వెదురు పేళ్లు గోడకి చేరేసి చాపలు పరిచాం.
తిమోతి అయ్యగారు వచ్చేలోగా
పందుల దొడ్డి తడిక బిగించి రమ్మంది అమ్మ,
పాట మధ్యలో అవి అరిస్తే పరువు పోతుందని.

హార్మోనియం మా చిన్నాన్నది.
ఏసుపాదం అని పేరు, ఊరందరికీ పెట్టె ఏసు.
రాజోలు అవతల ఏటిగట్టు తెగిన ఏడాది
పెళ్లిబట్టల మూట వదిలేసి
ఈ పెట్టెని నెత్తిన పెట్టుకుని
పీకల్లోతు నీళ్లలో నడిచొచ్చాడట.
చిన్నమ్మ ఇప్పటికీ ఆ చీర రంగు చెబుతుంది.

పెట్టె బతికింది, ఒక్క మెట్టు తప్ప.
నడిమి తెల్ల మెట్టు నొక్కితే
గాలొస్తుంది, మాట రాదు.
రాజమండ్రి తీసుకెళ్తే బాగవుద్దన్నారు.
తీసుకెళ్లలేదు,
మొదట డబ్బుల్లేక,
తర్వాత అలవాటైపోయి.

రొయ్యల చెరువు కాపలాలో
చిన్నాన్నని పాము కరిచాక
పెట్టె నా ఒళ్లోకొచ్చింది.
ఆ మెట్టు దగ్గరికి పాట రాగానే
నా వేలు ఆగుతుంది.
మామ్మ అందుకుంటుంది.

మామ్మకి ఇప్పుడు దీవెనమ్మ అని పేరు.
పంటకాలవలో మునిగి లేచేదాకా నాంచారి.
ఎరుక చెబుతానమ్మా ఎరుక అంటూ
లంకలన్నీ తిరిగిన కాళ్లు.
గవ్వలు ఏట్లో వదిలేసింది.
బుట్టలో ఉల్లిపాయలు పోసింది.
బెత్తంతో కోళ్లని తోలుతుంది.

ఆ రాత్రి అయ్యగారు పాట ఆపించారు.
"ఆ మెలిక ఏంటి దీవెనమ్మా?
పుస్తకంలో లేదే.
సోదె రాగంలాగుందే అది."

ఇంట్లో ఎవరూ దగ్గలేదు.
నాన్న చేతిలో వెదురు పేడు
ఊరికే రెండుగా చీలింది.

మామ్మ కొంగు సర్దుకుంది.
"సోదె వదిలేశానండి, ఆయ్.
గుమ్మం గుమ్మానికీ నలభై ఏళ్లు అరిగిన గొంతండి ఇది.
దీన్నెక్కడ వదలమంటారు?
ఆయన కొత్త గొంతు ఇవ్వలేదండి మరి,
ఉన్నదాంతోనే రమ్మన్నాడు."

అయ్యగారు కళ్లజోడు తీసి తుడిచారు.
చాలాసేపు తుడిచారు.
ప్రార్థన చెయ్యమ్మా అన్నారు చివరికి.

మామ్మ ప్రార్థన మా మాటలోనే.
రెండో తరగతిలో నేను దాహమేసి
తణ్ణి అన్నందుకు
బడంతా నవ్విన మాటలో.
ఆ రోజు నుంచి ఇంటి బయట
నాకు దాహం వేసింది తెలుగులోనే.
అయ్యగారి పుస్తకంలో జీవజలం అని అచ్చయిన చోట
కళ్లు మూసుకున్న మామ్మకి తణ్ణి.
తణ్ణి, తణ్ణి అని ఆమె అడుగుతుంటే
బోరింగు కొట్టిన చప్పుడు వినబడింది నాకు.
అయ్యగారికేం వినబడిందో తెలీదు.
ఆమేన్ మాత్రం అందరికంటే ముందు అన్నారు.
వెళ్తూ వెళ్తూ మా కుండలో నీళ్లు
అడిగి తాగారు.

మర్నాడు గుడిలో కొత్త కీబోర్డు.
దుబాయిలో ఉన్న ఎవరిదో కానుక.
కాలేజీకెళ్లే పిల్ల కదా,
వాయించమని నన్ను పిలిచారు.
మా వాళ్లంతా తలుపు దగ్గర కూర్చున్నారు.
అక్కడే కూర్చోమని ఎవరూ చెప్పలేదు.
ఎప్పుడూ అక్కడే.

దీనికి మెట్లన్నీ పలుకుతాయి.
వేలు ఆనితే చాలు, గాలి కొట్టక్కర్లేదు.
పాట నడిచి నడిచి
ఆ చోటుకొచ్చింది.
తెల్లగా, కొత్తగా, నా వేలి కింద ఆ మెట్టు.

నేను నొక్కలేదు.

తలుపు దగ్గర్నుంచి లేచింది గొంతు,
లంకల ఇసక, గుమ్మాల దుమ్ము అన్నీ వేసుకుని.
ముందు వరస తలలు వెనక్కి తిరిగాయి.
మామ్మ కళ్లు మూసుకునే ఉంది.

గుడి విడిచాక అయ్యగారి భార్య నా దగ్గరికొచ్చి
"మధ్యలో కరెంటు పోయిందామ్మా?" అని అడిగింది.

ఆయ్, అన్నాను.