ఎడమ చేతి లెక్క

ఫిబ్రవరి, ఆదివారం, షెబోయ్‌గన్.
సరస్సు మీది గాలి కిటికీ రబ్బరును పీకుతోంది.
మైసీ వాళ్ల కుట్టుషాపు వెనక గదిలో
గుడ్డ కత్తిరించే బల్లే మా యుద్ధభూమి.
సుద్దగీతల మధ్య సీసపు బొమ్మలు,
కొలత టేపు పరిస్తే అది నది.

నియమాల మూడో ముసాయిదా వచ్చింది.
నలభై పేజీలు, పిన్ను వంకర.
'ఇంకా పరీక్షలోనే' అని ప్రతి పేజీ అడుగున,
మెతుకు పట్టి చూడమన్నట్టు.

వాళ్లు రాక్షసుల బొమ్మలు చూస్తున్నారు.
నేను గళ్ల కాగితం తీశాను.

పెద్ద కత్తి: రెండు పాచికలు, సగటు ఏడు,
కండబలం నాలుగు, వెరసి పదకొండు.
ఇరవైలో పదమూడుసార్లు తగులుతుంది,
అందులో ఒకసారి పాచికలు రెట్టింపు.
చుట్టుకు రెండు వేట్లు:
పదిహేను. పైసా ఎక్కువ కాదు, తక్కువ కాదు.
ఇలాంటి అంకె తగిలిన రోజు నాకు నిద్ర బాగా పడుతుంది.

ఒరిన్ వీరుడికి పొట్టి కత్తులు రెండు.
కుడి, కుడి, ఎడమ. మూడు చిన్న వేట్లు.
రెండో ముసాయిదాలో అవి
పదిహేను పాయింట్ ఒకటి ఐదు.
ఆ పిసరంత కోసం
క్రిస్మస్ నుంచీ క్వెంటిన్‌ని ఏడిపించాడు ఒరిన్,
'నీ పెద్ద కత్తితో రొట్టె కోసుకో' అని.

మైసీ గాయకురాలి వరసలో సున్నా.
పోయిన వారం వంతెన కింది భూతాన్ని
పంటినొప్పి ఎప్పటి నుంచి అని అడిగింది.
అది ఏడ్చింది. మేం దాటాం.
ఆ గడిలో ఏం వేయాలో తోచక
అడ్డగీత పెట్టాను.

పందొమ్మిదో పేజీ, కింది నుంచి మూడో వాక్యం:
రెండో చేతి వేటుకు బలం కలపరాదు.

పెన్సిలు చెక్కుకుని మళ్లీ వేశాను.
పన్నెండు పాయింట్ ఐదు ఐదు.
మళ్లీ వేశాను, లెక్క తప్పితే బాగుండునని.
తప్పలేదు.

ఎవరికీ చెప్పకుండా ఒరిన్ ఎడమ చేతి వైపు చూశాను.
సాసేజ్ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్లు,
వాటిలో ఒక మంగళవారం,
ఉంగరం వేలు, చిటికెన వేలు.
నా ఉద్యోగంలోనూ ఇలాంటి పట్టికే ఉంది:
ఈ వేలికి ఇన్ని వారాల జీతం,
కణుపు దాకా అయితే ఇంత, మొదలంటా అయితే ఇంత.
పనిచేసే చేయి ఒక వరస, రెండో చేయి ఇంకో వరస.
అతని ఫైలు నేను చేరకముందే మూసేశారు.
అందుకే ఇతనితో ఇన్నాళ్లు
ఒకే గిన్నెలో చిప్స్ తినగలిగాను.

'ఏం బెర్నెట్టా, ఎంత పోయింది?' అన్నాడు,
బొమ్మ మీంచి తల ఎత్తకుండానే.
'రెండు పాయింట్ ఆరు.'
'అంతేనా,' అన్నాడు. కాసేపాగి,
'వాళ్లకి కత్తి పట్టడం తెలీదులే.
కోసేది కుడి చేయే.
కదలకుండా పట్టుకునేదే ఎడమ.
బలమంతా దానికే కావాలి.'

ఈ మాటకు నా కాగితంలో గడి లేదు.

చివర్లో అభిప్రాయ పత్రం నింపాలి:
మీ పాత్ర బలంగా అనిపించిందా,
ఒకటి నుంచి ఐదు.
ఒరిన్ ఎడమ చేయి పైకెత్తి,
ఉన్న వేళ్లన్నీ చాపి,
'మూడు రాయి' అన్నాడు.
మైసీ నోట్లో టీ పొలమారింది.
క్వెంటిన్‌కి నవ్వొచ్చో లేదో
తేల్చుకోవడానికి కొంత టైం పట్టింది.

నేను మూడు రాశాను.
వెనక పేజీలో, సన్న అక్షరాల్లో,
లెక్క మొత్తం ఎక్కించాను, పాయింట్లతో సహా,
కింద ఒరిన్ అన్న మాట, లెక్క కానిది.
చదువుతారో, చుట్టి పారేస్తారో.

ఇంకో వేటు మిగిలి ఉంది, ఎడమ చేతిది.
ఇరవై ముఖాల పాచికను మూడు వేళ్ల మధ్య ఇరికించి
ఒరిన్ ఊదాడు, విసిరాడు.
అది కొలత టేపు దాటి, సుద్ద మీద జారి,
కత్తెర పిడికి కొట్టుకుని ఆగింది.

నాలుగు.

పాచిక పారలేదు.
'నీ వంతు,' అన్నాడు మైసీతో,
వేళ్లకంటిన సుద్ద ప్యాంటుకి తుడుచుకుంటూ.